కట్టుగుడ్డ కాగితం

కొట్టు ముందరి గాజు భళ్ళున పగిలింది. ఆ చప్పుడుకి నా చేతిలోని జిగురు గిన్నె ఒళ్ళోకి ఒలికింది. తలెత్తి చూసేసరికి గాజు వెనక వరసగా నిలబెట్టిన పెళ్ళిపత్రికలన్నీ నేలమీద పడి ఉన్నాయి. వాటిని చెప్పులతో తొక్కుకుంటూ నలుగురు మగవాళ్ళు లోపలికొచ్చారు. ముందున్నవాడి చేతిలో అరువా ఉంది. అరువా అంటే కొబ్బరిబోండాలు కొట్టే వంపు కత్తి. మా వైపు దాంతో మనుషుల్నీ కొడతారు. మీకు ఆ సంగతి తెలియకపోతే మీరు అదృష్టవంతులు.

నా పేరు పుష్పం. తమిళనాడులో, మా రాజపాళయంలో ఆ కొట్టు నా తమ్ముడు సీనివాసన్‌ది. వాడి పేరు బోర్డుమీద ఉంటుంది గానీ కొట్టు నడిపేది వాడి పెళ్ళాం సంతానలక్ష్మి. పెళ్ళిపత్రికలు, గృహప్రవేశం పత్రికలు, చెవులు కుట్టే పండగ పత్రికలు ఆమె కంప్యూటర్ ముందు కూర్చుని తయారుచేస్తుంది. మా తమ్ముడు అచ్చు వేస్తాడు, కోస్తాడు. నేను కవర్లు అంటిస్తాను, నోరు పారేసుకుంటాను. ఆ రెండో పనికి జీతం లేదు.

వచ్చినవాళ్ళలో పెద్దాయన చోళపురం వేంకటాద్రి. అరవై దాటినా తాటిమొద్దులా ఉంటాడు. ఎడమచేతికి రెండు వేళ్ళు లేవు. అరువా పట్టుకున్నవాడు ఆయన అల్లుడు. మిగతా ఇద్దరినీ నేనెప్పుడూ చూడలేదు. బయట సందులో వ్యాన్ ఆగి ఉంది, దాని నిండా మనుషులున్నారు.

వేంకటాద్రి చేతిలోని పత్రికను సంతానలక్ష్మి మొహాన కొట్టాడు. అది మేము అచ్చువేసిందే. ప్రభాకరన్ కూతురు ఆనందికి, వేంకటాద్రి తమ్ముడి కొడుకు వసంత్‌కి కల్యాణం. పత్రిక నాలుగు మూలలా ఎర్రగా ఉంది. పసుపు పెట్టాల్సిన చోట ఎండిన నెత్తురు పూసినట్టుంది.

"ఏమి ఇది?" అన్నాడు.

సంతానలక్ష్మి దాన్ని వంగి తీసుకుని చూసింది. ఆమె మొహం పాలిపోయింది. "తెలీదు మామా. పసుపు ఇట్లా మారకూడదే," అంది.

"పసుపా? మా గడపమీద, పిల్లాజెల్లా చూస్తా ఉండగా తట్టమీద గుడ్డ తీసినాము. తమలపాకులు, పండ్లు, దానిమీద ఈ పత్రిక. నాలుగు మూలలా నెత్తురు! సున్నం పూసి పంపించినారు మాకు. ప్రభాకరన్ చెప్పినాడు, నువ్వు చేసినావు. అవునా కాదా?"

పసుపుకి సున్నం తగిలితే ఎర్రబడుతుందని మాకు ఒకరు చెప్పక్కర్లేదు. ఆరతి నీళ్ళు కలిపే ప్రతి ఇంట్లోనూ తెలుసు. కానీ ఆ ఎరుపు ఆ గడపకు ఎందుకు అంత కోపం తెప్పించిందో మీకు చెప్పాలి. చోళపురంలో ఆ రెండు కుటుంబాలకూ ఒకే బావి. నీళ్ళ వంతు దగ్గర మాటామాటా పెరిగి ఒకనాడు గట్టుమీదే నరుక్కున్నారు. వేంకటాద్రి రెండు వేళ్ళు ఆ బావిలోనే పడ్డాయి. అవతల ప్రభాకరన్ తమ్ముడు అక్కడికక్కడే చచ్చిపోయాడు. ఎవరి కత్తి తగిలి పోయాడో కోర్టు కూడా తేల్చలేకపోయింది. శవం లేచేటప్పుడు ప్రభాకరన్ తల్లి పాండియమ్మాళ్, ఈ నెత్తురు బాకీ తీరేదాకా తల దువ్వుకోనని అందరిముందూ అరిచింది. అలాంటి ఇళ్ళలోనుంచి ఈ పిల్లా పిల్లవాడూ ఒకరినొకరు ఇష్టపడ్డారు. పెద్దలు ఎన్నోసార్లు కూర్చుని, లేచి, తిట్టుకుని, ఆఖరికి సరేనన్నారు. పాండియమ్మాళ్ తల దువ్వుకుంది. పెళ్ళిపత్రికకు తన చేత్తోనే పసుపు పెట్టి మొదటి పత్రిక వియ్యాలవారికి పంపింది. అది ఆ గడపమీద ఎర్రగా తేలింది.

ఇంక చూడండి. మగవాళ్ళకు అంతకంటే ఏం కావాలి?

అల్లుడు సంతానలక్ష్మి జడ పట్టుకుని కుర్చీలోంచి లాగాడు. మా తమ్ముడు మెషిన్ దగ్గరనుంచి పానా తీసుకుని ఉరికాడు. అల్లుడు అరువా పిడితో వాడి మూతిమీద ఒక్కటిచ్చాడు. పన్ను ఊడి నా కాళ్ళ దగ్గర పడింది. బోర్లా పడేసి ఒకడు వాడి వీపుమీద మోకాలు పెట్టి కూర్చున్నాడు. నేను ఊరుకున్నానా? మిగిలిన జిగురు గిన్నెతో సహా వాడి మొహాన విసిరాను. వాడు లేచి నా చెంప పగలగొట్టాడు. చెవిలో ఇప్పటికీ ఒక్కోసారి గుయ్యిమంటుంది. వాడి చెయ్యి పడిపోనూ!

మా కొట్టులో కాగితం కోసే పాత మెషిన్ ఒకటి ఉంది. కరెంటు అక్కర్లేదు, చేత్తో నడిచేది. పైనున్న ఇనప చక్రం తిప్పితే అడ్డకమ్మీ దిగి కాగితాల కట్టను బిగించి పట్టుకుంటుంది. పక్కనున్న పొడుగాటి పిడి లాగితే కత్తి దిగుతుంది. ఎంత లావు కట్టనైనా ఒక్క వేటుకి కోసేస్తుంది. అల్లుడు ఆమెను అక్కడికి ఈడ్చుకెళ్ళి కుడిచెయ్యి లోపలికి తోశాడు. వేంకటాద్రి చక్రం తిప్పాడు. కమ్మీ దిగి ఆమె నాలుగు వేళ్ళనూ అదిమి పట్టింది. ఆమె కెవ్వున అరిచింది. అల్లుడు అరువా పక్కన పెట్టి పిడి పట్టుకున్నాడు.

"ఒక్క మాట చెప్పు," అన్నాడు వేంకటాద్రి. "ప్రభాకరన్ చెప్పినాడు, నేను చేసినాను. అంతే. చెయ్యి తీసుకుని ఇంటికి పో. మిగతాది మేము చూసుకుంటాము."

మిగతాది ఏమిటో వ్యాన్‌లో ఉన్నవాళ్ళను చూస్తే తెలుస్తూనే ఉంది. బావి గొడవ తర్వాత చోళపురం వదిలి వచ్చేసిన ప్రభాకరన్ ఇల్లు అక్కడికి నాలుగు వీధుల అవతలే.

"చెప్పేయ్ లక్ష్మీ!" అని అరిచాను. "ఆ ప్రభాకరన్ మనకేమన్నా చుట్టమా, పక్కమా? చెప్పి చెయ్యి తీసుకోవే!"

"చెయ్యని పని చేసినానని ఎట్ల చెప్పేది వదినె?" అంది. నొప్పికి పళ్ళు కరుచుకుని మాట్లాడుతోంది. "చెప్తే ఇప్పుడే పోయి వాళ్ళను నరుకుతారు. ఆ పిల్ల ఏమి చేసింది పావం?"

ఆమె మొండితనం నాకు తెలుసు. ఆ కుడిచెయ్యి ఆమెకు ఏమిటో కూడా నాకు తెలుసు. అది కూడా చెబితేగానీ మీకు నా కడుపుమంట అర్థం కాదు.

సంతానలక్ష్మి సేత్తూరు పిల్ల. బడి మానేశాక శివకాశిలో ఒక ప్రెస్సులో అట్టలు మడిచే పనికి రోజూ బస్సులో పోయేది. అక్కడ చెత్తకుప్పలో ఆమెకొక కాగితం ముక్క దొరికింది. ఎక్కడో దూరదేశం నుంచి వచ్చిన పెట్టె అడుగున పరిచినదట. మందంగా, మెత్తగా, అంచులు చేత్తో చింపినట్టు పీచుపీచుగా ఉంటుంది. ఊరికే చూస్తే తెల్లకాగితం. వెలుతురుకి ఎదురుగా పెడితే లోపల ఒక పక్షి కనిపిస్తుంది. అచ్చు వేసిన పక్షి కాదు, కాగితంలోనే ఉన్న పక్షి. ఆ రోజు బస్సు దిగేదాకా దాన్ని కిటికీకి పెట్టి చూస్తూ కూర్చుందట, తన ఊరు దాటిపోయి రెండు ఊళ్ళ అవతల దిగిందట.

ఆనాడు పట్టిన పిచ్చి. కాలికి బలపం కట్టుకుని తిరిగేది. మధురైలో కాగితం వ్యాపారుల గోడౌన్ల ముందు గంటలకొద్దీ నిలబడి పాత మచ్చు పుస్తకాలు అడిగి తెచ్చేది. ఒక్కో కంపెనీ తన కాగితాలన్నిటినీ వేలెడు ముక్కలుగా కోసి విసనకర్రలా గుచ్చి ఇస్తుందే, ఆ పుస్తకాలు. కల్యాణానికి పోతే అందరూ విస్తరి ఎప్పుడు వేస్తారా అని చూస్తే ఈమె పత్రిక అంచు చింపి పీచు చూసేది. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టుండేది. అరటినారతో చేసింది, గడ్డితో చేసింది, పూలరేకులు కలిపింది, పట్టులా జారేది, చర్మంలా గరుకైనది, ఏది దొరికినా అరచేయంత ముక్క కోసి, ఎక్కడ దొరికిందో వెనక పెన్సిల్‌తో రాసి దాచేది. మూతపడిన మందుల షాపులోని సొరుగుల బీరువా ఒకటి కొనుక్కొచ్చి అందులో పెట్టింది. దానిమీద ఈగ వాలనిచ్చేది కాదు. కాగితాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తుంది. తర్వాత చూపుడువేలూ నడిమివేలూ కింద పెట్టి బొటనవేలితో రుద్దుతుంది, కళ్ళు మూసుకుని. ఆ రెండు వేళ్ళే ఆమెకు కళ్ళు. కంప్యూటర్‌లో ఎవరైనా బొమ్మ గీస్తారు, కానీ ఏ బొమ్మ ఏ కాగితంమీద నిలబడుతుందో ఆ వేళ్ళకే తెలిసేది. అందుకే తెన్‌కాశి నుంచి కూడా మా కొట్టు వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు.

ఆనంది పత్రిక కాగితం కూడా ఆమె వెతికి పట్టిందే. సత్రపట్టిలో ఆస్పత్రులకు కట్టుగుడ్డ నేస్తారు. మగ్గాల దగ్గర మిగిలిపోయే నూలుపీచుతో బొమ్మక్క అనే ఆవిడ కొట్టాం వెనక తొట్టిపెట్టి కాగితం తీస్తుంది. ఏదో పనిమీద ఆ దారిన పోతూ గోడకు ఆరబెట్టిన కాగితాలు చూసి సంతానలక్ష్మి నడుస్తున్న బండిమీదనుంచి దూకినంత పని చేసింది. ఆ తెలుపు, ఆ మెత్తదనం తన పక్షి కాగితానికి చెల్లెలు లాంటివని నాతో ఎన్నిసార్లు చెప్పిందో! ఆనంది కొట్టుకొచ్చినప్పుడు బీరువాలో సగం మచ్చులు చూసి ఆఖరికి దానిమీద చెయ్యి పెట్టింది. "ఇది దేంతో చేసింది అక్కా?" అని అడిగింది. కట్టుగుడ్డతో అని చెప్పగానే నవ్వి, "మా రెండిండ్లకూ ఇదే సరి," అంది.

అచ్చు వేసేముందు సంతానలక్ష్మి ఆ కాగితాన్ని పరీక్షించని విధం లేదు. మడిచింది, తడిపింది, బంగారు రేకు అద్దింది, ఎండలో పెట్టింది. పసుపు మాత్రం పెట్టి చూడలేదు. పత్రికకు పసుపు పెట్టేది ఇంటివాళ్ళు, వాళ్ళ దేవుడి ముందు. కొట్టులో మేము పెట్టం, పెట్టకూడదు. అది మా పద్ధతి. ఆ పద్ధతే ఆమె పీకలమీదికి తెచ్చింది.

"మామా," అంది సంతానలక్ష్మి, చెయ్యి కమ్మీ కింద ఉండగానే. "సున్నం ఎవరూ పూయలేదు. కాగితంలోనే ఏమో ఉండాది. ఏమని నాకూ తెలీదు. చూపిస్తాను. వదినె, సామి దగ్గర ఉండే పసుపు తీసుకురా."

నేను వేంకటాద్రి మొహం చూశాను. ఆయన తల ఊపాడు. పసుపు నీళ్ళలో కలిపి తెచ్చాను. ఆమె ఎడమచేతి బొటనవేలు ముంచి, అచ్చు వేయని కట్టుగుడ్డ కాగితం నడిమధ్య పెట్టింది. మొదట పచ్చగానే ఉంది. ఆరేకొద్దీ అంచులనుంచి ఎరుపు పాకింది.

"చూసినావా? మూలకు ఎవరూ పూయలేదు, నడిమధ్య కూడా మారింది."

"కాగితం మొత్తానికీ సున్నం కొట్టినావు," అన్నాడు అల్లుడు. "మామా, ఇది మాటల్లో పెట్టి పొద్దుపుచ్చతా ఉండాది. లాగేస్తాను." వాడు పిడిని కొంచెం కిందికి వంచాడు. కత్తి అంగుళం దిగింది.

"ఆగు!" అని అరిచింది సంతానలక్ష్మి. "మామా, ఈ కల్యాణంతో, ప్రభాకరన్‌తో ఏమీ సంబంధం లేని కాగితం ఒకటి ఇట్లే మారితే ఒప్పుకుంటావా?"

వేంకటాద్రి అల్లుడి చేతిమీద చెయ్యి వేసి ఆపాడు. "మారకపోతే?" అన్నాడు.

"మారకపోతే లాగమని చెప్పు."

తెలిసి అన్నదా అంటే అదీ కాదు. ఏ కాగితం మారుతుందో, అసలు మారేది ఒక్కటైనా ఉందో లేదో ఆమెకూ తెలియదు.

"వదినె, బీరువా తెరువు. పై సొరుగునుంచి ఒకటొకటి తియ్యి," అంది.

తీశాను. అరటినార కాగితం. ఆమె బొటనవేలితో పసుపు పెట్టింది. పచ్చగా ఉండిపోయింది. గడ్డి కాగితం. పచ్చనే. పట్టు కాగితం, పూలరేకుల కాగితం, గరుకు కాగితం, అన్నీ పచ్చనే. ఒక్కో ముక్కమీదా ఆమె వేలిముద్ర పసుపుమచ్చై నిలిచిపోతోంది. ఇరవై ఏళ్ళు గాజుబొమ్మల్లా దాచుకున్నవి. ఒకదాన్ని నేను తడిచేత్తో ముట్టుకున్నానని నాతో నెలరోజులు మాట్లాడని మనిషి ఆమె. ఇప్పుడు తన చేత్తో తనే పాడుచేస్తోంది. ప్రతి ముక్కకూ అది దొరికిన ఊరి పేరు లోలోపల అనుకుంటోంది, పెదవులు కదులుతున్నాయి. నేలమీద మా తమ్ముడు నెత్తురు కక్కుతూ, "వద్దే, లక్ష్మీ, చెప్పేయే," అని గొణుగుతున్నాడు. వాడి వీపుమీద కూర్చున్నవాడు వాడి తల నేలకేసి కొట్టాడు.

మచ్చు పుస్తకాలూ అయిపోయాయి. కొన్ని ముక్కలు కొంచెం గోధుమరంగు తిరిగాయి. అల్లుడు ఒప్పుకోలేదు. "ఎరుపు చూపించు, ఎరుపు," అన్నాడు ఎకసెక్కంగా. పై సొరుగులన్నీ ఖాళీ అయ్యాయి. నేలంతా పసుపు మచ్చల కాగితాలు.

అడుగు సొరుగు మిగిలింది. నేను దాని ముందు కూర్చుండిపోయాను.

"పక్షిది తియ్యి వదినె," అంది.

"వద్దే," అన్నాను. ఏడుపొచ్చేసింది నాకు. "అది కూడా పోతే ఏమి మిగులుతాదే నీకు?"

"తియ్యి."

తీసిచ్చాను. ఆమె దాన్ని మెషిన్ బల్లమీద పెట్టుకుని, ఒకసారి ఎడమ అరచేత్తో నిమిరింది. తర్వాత పక్షి ఉండే చోటే పసుపు పెట్టింది. నేను కవర్ అట్ట తీసుకుని విసిరాను, ఆరాలని. పచ్చగానే ఉంది. ఇంకా పచ్చగానే ఉంది. నేను మా ఇంటి సామినీ, ఊళ్ళో సాములందరినీ నోటికొచ్చినట్టు తిట్టడం మొదలుపెట్టాను. అప్పుడు అంచు ఇటుకరంగు తిరిగింది. మెల్లిగా లోపలికి పాకింది.

వేంకటాద్రి ఆ కాగితం తీసుకుని గుమ్మం వెలుతురుకి పెట్టాడు. ఎర్రటి మచ్చలో పక్షి కనిపించింది. ఆయన దాన్ని చాలాసేపు చూశాడు.

"ఇది ఎక్కడిది?"

"శివకాశి చెత్తకుప్పలో దొరికింది మామా. అప్పటికి నేను చిన్నపిల్లను. అప్పటికి మీ తగాదా కూడా పుట్టలేదు."

ఆయన మొహంలో ఏదో దిగిపోయింది. పాండియమ్మాళ్ నిజంగా పసుపే పెట్టి పంపిందని ఆ ముసలాయనకు అప్పటికి అర్థమైనట్టుంది. "వదలరా," అన్నాడు అల్లుడితో. తనే వచ్చి చక్రం వెనక్కి తిప్పడం మొదలుపెట్టాడు. కమ్మీ లేచింది. సంతానలక్ష్మి చెయ్యి వెనక్కి లాక్కుంటోంది. అల్లుడు పిడి ఇంకా వదల్లేదు.

సరిగ్గా అప్పుడే వచ్చాడు ప్రభాకరన్. బజార్లో ఎవరో చెప్పారట, మీ పత్రికల కొట్టుమీద చోళపురంవాళ్ళు పడ్డారని. చేతిలో ఇనపరాడ్ ఉంది. వెనక మనుషులున్నారు. గుమ్మంలోంచి ఆయనకు కనిపించింది ఒక్కటే, ఆడమనిషి చెయ్యి కత్తికింద, పిడిమీద వేంకటాద్రి అల్లుడి చెయ్యి. అడగలేదు, ఆగలేదు. "ఎవరి ఊరికి వచ్చి ఎవరిమీద చెయ్యి వేస్తారురా!" అంటూ ఉరికొచ్చి అల్లుడి వీపుమీద రాడ్‌తో కొట్టాడు. వాడు ముందుకు తూలాడు. పిడి వదల్లేదు. వాడి బరువంతా పిడిమీద పడింది.

కత్తి దిగిన చప్పుడు కాగితం కోసినప్పటిలాగే ఉంది. అదే నేను మరిచిపోలేనిది.

సంతానలక్ష్మి అరవలేదు. చెయ్యి పైకెత్తి చూసుకుంది. చూపుడువేలూ నడిమివేలూ సగానికి లేవు. నెత్తురు ఎగజిమ్మి బల్లమీది పత్రికల కట్టమీద పడింది. నేను అరిచిన అరుపుకి సందంతా గుమిగూడింది. ప్రభాకరన్ చేతిలోని రాడ్ జారిపోయింది. బయట వ్యాన్‌లోంచి దిగినవాళ్ళూ, ప్రభాకరన్ మనుషులూ ఒకరి గొంతు ఒకరు పట్టుకుని ఉన్నారు. లోపల వేంకటాద్రి తన తుండు చించి ఆమె చేతికి చుడుతున్నాడు. అది క్షణంలో తడిసిపోయింది.

"చూడండి!" అని అరిచాను ఇద్దరిమీదా. "కండ్లారా చూడండి! మీకు నెత్తురు కావాల కదా, ఇదిగో! చాలినంత ఉండాది, మీకింత ఆళ్ళకింత పంచుకోండి!"

గొంతులు పట్టుకున్న చేతులు జారాయి. ప్రభాకరన్ కార్లో ఆస్పత్రికి తీసుకెళ్ళాం. ముందు సీట్లో ఆయన, వెనక సీట్లో మా పక్కన వేంకటాద్రి. బావి దగ్గర నరుక్కున్నాక ఆ ఇద్దరూ ఒక బండెక్కడం అదే మొదలు. మేము అంత వేగంగా పోయినా వేళ్ళు అతకలేదు.

ఆస్పత్రికి కానిస్టేబుల్ వచ్చి ఎలా జరిగిందని అడిగాడు. మా తమ్ముడి మూతి వాచిపోయి మాట్లాడలేడు. నేను నోరు తెరిచాను.

"మెషిన్‌లో చెయ్యి పెట్టినాను సార్. పిడి జారింది," అంది సంతానలక్ష్మి. "మా ఆయన కంగారులో పడి మూతి పగలగొట్టుకున్నాడు."

నాకు ఒళ్ళు భగ్గున మండింది. చెయ్యి కత్తికింద ఉన్నప్పుడు ఒక్క అబద్ధం చెప్పవే అని నేను గొంతు చించుకుంటే చెప్పలేదు. ఇప్పుడు ఎవరూ అడక్కుండానే చెబుతోంది! కానిస్టేబుల్ పోయాక పట్టుకుని దులిపేశాను.

"కేసు పెడితే కల్యాణం నిలిచిపోతాది వదినె," అంది. "మళ్ళీ మొదట్నించీ మొదలు పెడతారు. నా వేళ్ళు పోయినాయి. ఇంకా ఎవరి తలకాయ పోవాల?"

ఆమె చేతికి చుట్టిన కట్టుగుడ్డ సత్రపట్టిదే. ఆమె ఎడమచేతి వేళ్ళతో దాని అంచు రుద్ది చూసుకుంటోంది. నేను మొహం తిప్పుకుని ఏడ్చాను. సిగ్గేముంది, వెక్కివెక్కి ఏడ్చాను. తర్వాత బొమ్మక్క వచ్చి చెప్పింది, ఆ నెల తొట్టికి నీళ్ళు దొరక్క నూలుని తెల్లబరచడానికి వేసే చలువ మందు సరిగ్గా కడగలేదట. అదీ సున్నంలాగే పనిచేసిందన్నమాట. పక్షి కాగితంలో ఏం కలిపారో ఆ దేశంవాళ్ళకే తెలియాలి.

మామూలు అట్టమీద పత్రికలు మళ్ళీ అచ్చు వేసిచ్చాం. కల్యాణం జరిగింది. ఆమె వెళ్ళింది, నేను వెళ్ళలేదు.

ఆ తర్వాత కొట్టులో ఒక కొత్త పద్ధతి పెట్టింది. పత్రిక వేయించుకునేవాళ్ళు ఏ కాగితం కోరినా, ముందు వాళ్ళ చేత్తో వాళ్ళే మచ్చుమీద పసుపు పెట్టి, ఆరాక రంగు చూసి ఒప్పుకోవాలి. కొత్త మచ్చులు ఒక్కొక్కటే చేరుతున్నాయి. ఎడమచేతి వేళ్ళకు ఇంకా అంత తెలివి రాలేదని విసుక్కుంటుంది. పసుపు మరకల పాత ముక్కలు మాత్రం పారేయలేదు.

మొన్న ఎండలు ముదిరే పంగుని నెలలో వేంకటాద్రి వచ్చాడు. ఒంటరిగా, చేతిలో పండ్లతో. ఆనందికి మగబిడ్డ పుట్టాడు, చెవులు కుట్టే పండగకు పత్రికలు కావాలి. గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. "అమ్మాయీ, ఆ పొద్దు..." అని ఏదో మొదలుపెట్టాడు.

"ఏ కాగితం కావాల మామా?" అంది ఆమె.

ఆయన తెల్లదొకటి చూపించాడు. ఆమె అరచేయంత ముక్క కోసి, పసుపు గిన్నెతోపాటు తీసుకెళ్ళి ఆ పాత మెషిన్‌లో, సరిగ్గా కత్తికింద పెట్టింది. "పసుపు పెట్టు," అంది. పక్కకు జరిగి, తన కుడిచేతిలో మిగిలిన వేళ్ళతో పిడి పట్టుకుంది.

ఆయన కత్తివంక చూశాడు. ఆమెవంక చూశాడు. నేను లేచి నిలబడ్డాను. ఆయన నుదుటిమీద చెమట పట్టింది. మెల్లిగా ఎడమచెయ్యి చాపాడు, వేళ్ళు లేని చెయ్యి.

"పసుపు ఎడమచేత్తో పెడతారా మామా? కుడిచెయ్యి పెట్టు."

ఆయన పెట్టాడు. పసుపులో వేలు ముంచి, కత్తికింద కాగితంమీద ఆనించాడు.

"తియ్యకు. ఆరేదాకా ఉండు," అంది.

ఆయన ఉన్నాడు. లాగవే, లాగి చూపించవే అని నా లోపల ఒకటే గోల. దేవుడి సాక్షిగా చెబుతున్నాను, నేనైతే లాగేసేదాన్ని. ఆమె పిడి వదల్లేదు, కదపనూ లేదు. ఆయన కళ్ళలోకే చూస్తూ నిలబడింది. ముసలాయన కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. పసుపు ఆరింది. పచ్చగానే ఉంది.

"మారలేదు మామా. చెయ్యి తియ్యి," అని ఆమె పిడి వదిలేసి కంప్యూటర్ ముందు కూర్చుంది. "బిడ్డకు ఏమి పేరు పెట్టినారు?"